చౌడు మిద్దె కింద గుర్వమ్మ

“గా బండల కింద నా కొడుకు ఉడికిపోతడత్తా!”

అరుణమ్మ ఈ మాట అనేనాటికి ఇంటి కప్పుకు అనుకున్న బండలు తాండూరు నుంచి ఇంకా బయలుదేరనే లేదు. గోడలు లేవలేదు. ఉడికిపోతాడన్న కొడుక్కు మూడో నెల కూడా నిండలేదు. కోస్గిలో సంతకు పోయే బాట పక్కన కొత్త ఇంటి పునాది మోకాలెత్తున లేచి ఆగింది. ఆ పునాది మీద కూర్చుని అత్త గుర్వమ్మ ఉన్ని వడుకుతోంది. కోడలి మాటకు ఆమె చేతిలో కదురు ఆగలేదు.

“నా పిల్లలు గొంగడి కింద పెరగలేదానే? ముగ్గురు గుండ్రాళ్లోలె లేరా?”

“ఎంతమందిని కన్నవత్తా?”

“ఆరుగురిని.”

గుర్వమ్మ ధైర్యం చెబుదామనే చెప్పింది. కానీ అరుణమ్మ పీయూసీలో సైన్సు చదివి, ట్రైనింగు చేసి, ఆ ఊరి బడిలోనే సైన్సు చెబుతున్న మనిషి. ఆరుగురిలో ముగ్గురంటే ఏమిటో ఆమెకు వేరే ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. ఒళ్లోని పిల్లవాడి మీదికి కొంగు లాగి కప్పింది. చెమట పడుతుందేమోనని తీసింది. పడిశం పడుతుందేమోనని మళ్లీ కప్పింది.

అది అరవై రెండో సంవత్సరం చలికాలం. అరుణమ్మ, ఆమె పెనిమిటి అంజన్న కిరాయికి ఉంటున్నది ఒక రేకుల గది. అంజన్న గొంగళ్ల సొసైటీలో గుమాస్తా. అతని అక్క అత్తగారింట్లో ఉంది, అన్న గొర్ల మంద వెంట తిరుగుతాడు. వాళ్ల తల్లి గుర్వమ్మ అన్నాళ్లూ పెద్దకొడుకు వెంట మందతోనే ఉండి, మనవడు పుట్టాడని తెలిసి చిన్నకొడుకు దగ్గరికి వచ్చింది. పిల్లవాడికి తాత పేరు పెట్టారు, బీరప్ప అని. మామ పేరు కోడలు పలకకూడదు, మొగుని పేరు పెండ్లాం పలకకూడదు. అందుచేత ఇంట్లో పిల్లవాణ్ని పేరు పెట్టి పిలిచే హక్కు అంజన్న ఒక్కడికే ఉంది. అతను పగలంతా సొసైటీలో ఉంటాడు. మిగతా ఇద్దరికీ వాడు బుడ్డోడు.

రేకుల గదిలో చలికాలమే ఒక పరీక్షగా గడుస్తోంది. గుర్వమ్మ మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి తలుపు మూసేది. మూసిన గదిలో బొగ్గులు మండితే ఏ గాలి పుడుతుందో తెలిసిన అరుణమ్మ పోయి తలుపు తీసేది. “చలి సొస్తదే” అని అత్త మూసేది. “విషగాలత్తా” అని కోడలు తీసేది. పిల్లవాడు మాత్రం తలుపు తీసినప్పుడూ మూసినప్పుడూ ఒక్కతీరుగా నిద్రపోయేవాడు. వాడి నిద్ర కూడా అరుణమ్మకు అనుమానంగానే ఉండేది. మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

ఎండలు ముదిరితే ఆ రేకుల కింద ఉండలేరన్నది అందరికీ తెలుసు. అంతకు ముందున్న కిరాయివాళ్లు ఎండకాలమంతా పక్కింటి చింతచెట్టు కింద కాపురం చేశారట. ఉగాదిలోపు కొత్త ఇంటికి కప్పు పడాలి. ఆ కప్పు కింద బుడ్డోడు సుఖంగా నిద్రపోవాలి. అది కుదరకపోతే వాణ్ని తీసుకుని పోచంపల్లిలో తన తల్లిగారింటికి పోతానని, వానలు పడేదాకా తిరిగి రానని అరుణమ్మ చెప్పేసింది.

“నాలుగు నెలలైతే పోరడు నన్ను గుర్తుపడ్తడానే?” అని అడిగింది గుర్వమ్మ.

“పట్టడు” అంది అరుణమ్మ. ఆమెకు అబద్ధమాడే అలవాటు లేదు.

ఇక కప్పు ఏదన్నది తేలాలి. ఒకనాటి సాయంత్రం పునాది దగ్గర నలుగురూ కూడారు. నాలుగోవాడు మేస్త్రి లచ్చయ్య.

అంజన్నకు బండల కప్పు కావాలి. పటేలు ఇంటికి బండలే ఉన్నాయి. బండ ఎండకు కాగి రాత్రంతా సెగ కక్కుతుందని, చలికి మంచుముద్దవుతుందని అరుణమ్మ వాదించింది. “మందంగ మన్ను పోసి మిద్దె కట్టాలె. మన్నులోంచి వేడి తొందరగా దిగదు” అంది.

“పెంకులేస్తే గాలొస్తది” అన్నాడు లచ్చయ్య.

“కోతులు గూడ వస్తయి” అన్నాడు అంజన్న. పెంకుల మాట అక్కడితో పోయింది.

“అమ్మా, నువ్వు చెప్పు. బండలా, మన్నా?”

గుర్వమ్మ చాలాసేపు ఆలోచించింది. “నైజాం జమానల శిస్తు కట్టనోని వీపు మీద బండ ఎత్తేటోళ్లు. మనమేం బాకీ ఉన్నమని బండ కింద పండాలె?” అంది.

అరుణమ్మ మొహం వెలిగింది. “అయితే మన్నే గదత్తా?”

“మన్ను కాళ్ల కింద ఉండాలె బిడ్డా. నెత్తిమీద మన్ను పోసుకునేటిది మనిషి ఒక్కసారే. గదానికి ఇంక తొందరేమొచ్చింది?”

లచ్చయ్య తాపీ కింద పెట్టాడు. “మరి దేంతోని కట్టాలె గుర్వక్కా?” అని అడిగాడు.

“నేను కట్టుమన్ననారా?”

నిజమే, ఆమె ఎన్నడూ కట్టమనలేదు. పుట్టింది మంద వెంటే, పెళ్లయి నడిచింది కూడా మంద వెంటే. దసరా పోగానే గొర్లను తోలుకుని కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డుకు దిగేవాళ్లు. తొలకరి పడితే వెనక్కి మళ్లేవాళ్లు. దారి పొడుగునా రైతులు ఎరువు కోసం తమ చేలల్లో మంద నిలపమని పిలిచేవాళ్లు, గింజలు పెట్టేవాళ్లు. ఇవాళ ఈ చేను, రేపు ఆ చేను. అంజన్న పుట్టింది కొల్లాపూర్ అవతల కోసిన జొన్నచేనులో. ఆ చేను ఎవరిదో ఆమెకు గుర్తులేదు గాని, జొన్నకొయ్యలు వీపున ఎలా గుచ్చుకున్నాయో బాగా గుర్తుంది. ఎండకు గొంగడి, చలికి గొంగడి, వానకూ గొంగడి. పొద్దుగూకితే గాలి ఎటునుంచి వస్తుందో తెలుసుకోవడానికి కుక్క ఎటు తిరిగి పడుకుందో చూసేది. కుక్క తప్పు చెప్పిన రాత్రులు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు లేచి గొంగడి ఇంకోచోట పరుచుకునేది. అంతకుమించి ఇంటి గురించి ఆలోచించవలసిన అవసరం ఆమెకు అరవై ఏళ్లలో రాలేదు.

చివరికి అంజన్న పెళ్లాం మాటకే ఒప్పుకున్నాడు. మిద్దె ఖాయమైంది. వాన దిగకుండా మిద్దె మీద పైపూతగా చౌడు పోస్తారు. వాగు ఒడ్డున దొరికే తెల్లటి ఉప్పుమన్ను అది. గాడిదల మీద చౌడు వచ్చింది. గాడిదలవాడు దాన్ని పునాది లోపల పడమటి మూలన గుమ్మరించి పోయాడు. తర్వాత లచ్చయ్య తిట్టుకుంటూ దాన్నంతా ఎత్తించి బయట కుప్ప పోయించాడు.

మిగిలింది ఒక్కటే. మూడు గదుల్లో బుడ్డోనిది ఏది? ఆ గదికి గోడ మందంగా లేపి, కిటికీ పెట్టి, మీద మన్ను రెండింతలు పోయాలని అరుణమ్మ పట్టుదల. ఏ గదన్నది మాత్రం ఆమెకూ తేలలేదు.

“గొర్లను అడుగుదం” అంది గుర్వమ్మ.

“ఏమని?”

“మనుషులు మొహమాటానికి అబద్ధమాడ్తరు. గొర్రెకు మొహమాటం లేదు. మంచి జాగ చూస్కునే పండుతది.”

ఆ ఏడు దగ్గరి చేలల్లోనే మేత దొరికి పెద్దకొడుకు మంద కృష్ణ దిక్కు దిగలేదు, ఆ వారం ఊరి దగ్గరే ఉంది. అందులోంచి కొన్ని గొర్లను తెచ్చి మిట్టమధ్యాహ్నం పునాది లోపల వదిలారు. అత్తాకోడళ్లు బాట మీద నిలబడి చూశారు. గొర్లు మూడు గదులూ తిరిగి, ఎండకు తాళలేక అన్నీ ఒక్కచోట గుంపుకట్టి, ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి. ఆ గుంపు రెండు గదుల మధ్య గోడ రావలసిన చోట ఉంది.

“ఏమంటున్నయత్తా?”

“గొర్రెకు గొర్రెనే ఇల్లంటున్నయ్” అంది గుర్వమ్మ. “పొద్దు వాలినంక మళ్ల అడుగుదం.”

పొద్దు వాలాక గొర్లు కదిలాయి. ఒక్కొక్కటే పడమటి గదిలోకి పోయి, నేల మూతితో పొడిచి పొడిచి చూసి, అక్కడే మోకాళ్లు మడిచి పడుకున్నాయి. మిగతా రెండు గదుల దిక్కు ఒక్కటీ పోలేదు. గుర్వమ్మ కోడలి దిక్కు చూసింది. అరుణమ్మకు ఇదంతా నవ్వులాటగానే ఉన్నా, ఒక ప్రయోగం మళ్లీ చేసినా అదే ఫలితం వస్తే దాన్ని నమ్మాలని ఆమె పిల్లలకు చెప్పే పాఠమే. “రేపు ఇంకోసారి చూద్దమత్తా” అంది. మరునాడు కూడా గొర్లు పడమటి గదిలోనే పడుకున్నాయి. పాఠం ప్రకారం ఆమె నమ్మింది.

పడమటి గది బుడ్డోనిదైంది.

ఉగాదికి గృహప్రవేశం చేశారు. గుర్వమ్మ ముందు నడిచి, పాలు పొంగించి, గడపకు పసుపు రాసి, భోజనాలయ్యాక గొంగడి భుజాన వేసుకుని వాకిట్లోకి పోయి పడుకుంది.

“అమ్మా, ఇల్లు గట్టింది పండనీకే” అన్నాడు అంజన్న.

“మీరు పండున్రి. నాకు మన్ను మోసే వయసింకా రాలే” అంది గుర్వమ్మ. ఆ తర్వాత ఎన్ని రోజులు గడిచినా ఆమె ఆ కప్పు కింద నడుం వాల్చలేదు. వంట చేసేది, ఊడ్చేది, మనవణ్ని ఎత్తుకుని మూడు గదులూ తిరిగేది. పడుకోవాలంటే మాత్రం వాకిలే.

ఎండలు ముదిరాయి. బడి ఒంటిపూట అయింది. అరుణమ్మ పెద్దసారును అడిగి బడి థర్మామీటరు తెచ్చి పడమటి గదిలో మేకుకు తగిలించింది. మధ్యాహ్నం ఇంటికి రాగానే దాని ముందు నిలబడేది. బయట కాకులు నోళ్లు తెరుచుకుని ఉండేవి, లోపల మాత్రం పాదరసం బుద్ధిగా కిందనే ఉండేది. ఆమెకు కడుపు నిండినట్టుండేది. “చూసినవా? పటేలు ఇంట్లో గూడ గింత సల్లగ ఉండదు” అని అంజన్నతో అనేది.

కానీ దీపాలు పెట్టే వేళకు బుడ్డోడు ఏడుపు అందుకునేవాడు. రోజూ అదే వేళకు. కడుపునొప్పి అని వాము నీళ్లు పట్టారు. దిష్టి అని ఉప్పు దిగదుడిచారు. మాడుకు ఆముదం పెట్టారు. వాడి మెడ మీద, వీపు మీద చెమటకాయలు ఎర్రగా లేచాయి. అరుణమ్మ థర్మామీటరు దిక్కు చూసి, గది చల్లగానే ఉంది కదా అనుకునేది. మధ్యాహ్నం చూసిన అంకెను ఆమె రాత్రిదాకా వాడుకునేది.

ఒకనాటి సాయంత్రం పిల్లవాడి ఒళ్లు కాలింది. జ్వరం ఎంతో చూద్దామని లాంతరు ఎత్తిన అరుణమ్మకు గోడ మీది థర్మామీటరు కూడా కనిపించింది. పాదరసం పొద్దున కన్నా, మధ్యాహ్నం కన్నా మీద ఉంది. బయట పొద్దు కుంకి గాలి తిరిగింది, లోపల పాదరసం ఇంకా ఎక్కుతోంది. గోడకు చెయ్యి ఆనించింది. పొయ్యి మీంచి అప్పుడే దించిన పెంకులా ఉంది. అప్పుడామెకు తను చెప్పే పాఠం చివరిదాకా గుర్తొచ్చింది. మన్ను వేడిని ఆలస్యంగా పంపుతుంది. ఆలస్యంగా పంపుతుందంటే పంపదని కాదు. మధ్యాహ్నం మిద్దె మీద పడిన ఎండ, పడమటి గోడ మీద పడిన ఎండ, రెండూ కలిసి సరిగ్గా పిల్లవాణ్ని నిద్రపుచ్చే వేళకు లోపలికి దిగుతున్నాయి. మీద మన్ను రెండింతలు పోయించింది కూడా ఆమే.

ఆమె పెట్టె తీసి బుడ్డోని బట్టలు పెట్టింది, తన చీరలు పెట్టింది, తాడు కట్టింది. హైదరాబాదు బస్సు పొద్దున్నే వస్తుంది. అక్కణ్నుంచి పోచంపల్లికి ఇంకో బస్సు.

వాకిట్లోంచి గుర్వమ్మ పెట్టెను చూసింది.

“పోతున్నవా?”

“పోతున్న అత్తా.”

గుర్వమ్మ గడప దగ్గరికి వచ్చింది. తల ఎత్తి మిద్దె దిక్కు, దూలాల మీద పేర్చిన కట్టెల దిక్కు, వాటి మీద ఉన్నదని తనకు తెలిసిన మన్ను దిక్కు చూసింది. తర్వాత భుజం మీది గొంగడి తీసి, “జర జరుగు” అంది. లోపలికి వచ్చి బుడ్డోని మంచం పక్కనే నేల మీద గొంగడి పరిచి, కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకుంది.

అరుణమ్మ లాంతరు ఎత్తి చూసింది. పిల్లవాడు కూడా ఏడుపు ఆపి ముసలమ్మ దిక్కు చూశాడు. గుర్వమ్మ నుదుటి మీద చెమట పుట్టింది, చెంపల మీదికి దిగింది, మెడ కిందికి పోయింది. ఆమె కదల్లేదు. చెమట గొంగట్లో ఇంకేదాకా పడుకుని, లేచి కూర్చుంది.

“పోరన్ని పొయ్యిల వెట్టినమే” అంది.

“గొర్లు ఈ గదిలనే పండినయి గదత్తా!”

గుర్వమ్మ గోడ మొదట్లో గోటితో గీకి, ఆ మన్ను నాలుక మీద పెట్టుకుంది. ఉమ్మేసింది. “గాడిదలోడు చౌడు గుమ్మరిచ్చింది ఈడనేనా?”

“ఈడనే.”

“ఉప్పు నాకినయ్. నాకి నాకి ఆడనే పండినయ్.” గుర్వమ్మ మూతి తుడుచుకుంది. “పుట్టిన సంది గొర్లకు ఉప్పు వెడ్తున్న. నాకు తెల్వదా?”

“గాడిదలోడు దించంగ నేనే చూసిన. చౌడుల ఉప్పుంటదని నాకూ తెలుసు.”

“మరి చెప్పకపోతివి?”

“నువ్వు చెప్పకపోతివి?”

తర్వాత గుర్వమ్మ లేచి గొంగడి దులిపి నడిమి గదిలో పరుచుకుని పడుకుంది. “ఊహూఁ” అంది. అక్కణ్నుంచి లేచి వంటింట్లో పడుకుంది. అక్కడా ఎక్కువసేపు ఉండలేదు. తూర్పు దిక్కున మిద్దె ముందుకు వచ్చిన పంచలోకి వచ్చి పడుకున్నప్పుడు సొసైటీ నుంచి అంజన్న వచ్చాడు. కట్టిన పెట్టె, లాంతరు పట్టుకుని నిలబడ్డ పెళ్లాం, పంచలో వెల్లకిలా తల్లి కనిపించేసరికి అతని చేతిలోని గొడుగు కింద పడింది.

“అమ్మకేమైంది?”

“ఏం గాలే. ఇల్లు చూస్తున్న” అంది గుర్వమ్మ కళ్లు తెరవకుండా.

పంచ ఉదయం మాత్రమే ఎండ చూసే చోటు. ఇంటి నీడ దాని మీద మధ్యాహ్నం నుంచీ ఉంటుంది. గుర్వమ్మ నుదుటి మీద చెమట ఆరింది. ఆమె అలాగే పడుకుంది. ఊపిరి నెమ్మదించింది. నిద్రపోయిందేమోనని అరుణమ్మ అలవాటు కొద్దీ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టబోయింది.

“బతికే ఉన్న. పోరన్ని తే” అంది గుర్వమ్మ.

బుడ్డోని మంచం పంచలోకి వచ్చింది. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి నాయనమ్మ పక్కలో వేశారు. వాడు కొంచెంసేపు సణిగి, గొంగడి బొచ్చు గుప్పిట పట్టుకుని నిద్రపోయాడు. అరుణమ్మ మంచం పట్టె మీద కూర్చుని పొద్దుపొడిచేదాకా కనిపెట్టుకుని ఉంది. తెల్లవారేసరికి జ్వరం జారింది. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. పెట్టెకు కట్టిన తాడు మాత్రం ఆమె ఎందుకైనా మంచిదని మరో వారం విప్పలేదు.

ఆ ఎండకాలమంతా మంచం తిరుగుతూనే ఉంది. పొద్దున పంచలోకి ఎండ రాగానే పడమటి గదిలోకి, పొద్దు వాలక ముందే మళ్లీ పంచలోకి. మోసే ముందు ప్రతిసారీ గుర్వమ్మ పోయి ఆ చోట నడుం వాల్చి, సరేనంటేనే మంచం కదిలేది. ఒక్కోనాడు కాదనేది. అలా మన్ను కప్పు కింద పడుకోవడం ఆమెకు తెలియకుండానే అలవాటైంది. చలికాలం వచ్చాక పడమటి గది వెచ్చగా ఉండి, కుంపటి అవసరం లేకపోయింది. తలుపు తగవు కూడా తీరింది. గొర్లు చెప్పింది చలికాలం సంగతని, మనమే తొందరపడి ఎండకాలమనుకున్నామని గుర్వమ్మ అంది. అరుణమ్మ ఖండించలేదు.

ఆ తర్వాత అరుణమ్మకు మహబూబ్‌నగర్‌కు బదిలీ అయింది. అప్పటికి ఆడపిల్ల చంకలో ఉంది. బుడ్డోడు కొంగు పట్టుకుని నడుస్తున్నాడు. కిరాయికి ఇల్లు చూడబోతే ఓనర్లు పైన పంకా ఉందంటారు, సిమెంటు కప్పంటారు, కిటికీలు చూపిస్తారు. ఆమె అన్నిటికీ తలూపి, దీపాలు పెట్టే వేళకు మళ్లీ వస్తానంటుంది. వచ్చి సంచిలోంచి గొంగడి తీసి, పిల్లలు పడుకునే చోట పరిచి, వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంటుంది. ఓనరు గుమ్మంలో నిలబడి, “టీచరమ్మకు పాణం మంచిగ లేదా?” అని బుడ్డోణ్ని అడుగుతాడు. వాడు, “మా అమ్మ ఇల్లు చూస్తున్నది” అంటాడు.

జ్వరం వచ్చిన ఆ రాత్రి, కోస్గి ఇంటి పంచలో మనవణ్ని పక్కలో వేసుకుంటూ గుర్వమ్మ ఆమెకు చెప్పిన మాట ఇది:

“పోరన్ని పండవెట్టే జాగల ముందుగాల నువ్వు పండు బిడ్డా. గొర్రెను అడగకు, గా గోడ మీది గాజుపుల్లను అడగకు. నీ వీపును అడుగు.”